మైళ్లతో హోటల్ గదా? ముందు ఈ భాగహారం చేయండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైలేజ్‌ప్లస్ (తరచూ ప్రయాణించేవాళ్లకు మైళ్లు జమచేసే పథకం) ఖాతాలో 96 వేల మైళ్లున్నాయి. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మా చెల్లి పెళ్లి. మా అత్తమామలకు నాలుగు రాత్రులు హోటల్ గది తీసుకోవాలి. యునైటెడ్ సైట్‌లో హోటళ్ల పేజీలో చూస్తే 88 వేల మైళ్లు అడుగుతోంది. అదే గది హోటల్ సొంత సైట్‌లో టిఫిన్‌తో కలిపి రాత్రికి 9,500 రూపాయలు, జీఎస్టీ అదనం. చేతి డబ్బు ఖర్చవదు కదా అని మైళ్లు వాడేద్దామనుకుంటున్నాను. చేజ్ బ్యాంకు క్రెడిట్ కార్డులో ఇంకో 60 వేల పాయింట్లున్నాయి. వాటిని కూడా యునైటెడ్‌కు మార్చి మా మేనమామ వాళ్లకు రెండో గది తీసుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. మైళ్లు ఊరికే వచ్చినట్టు అనిపిస్తాయి కాబట్టి వాటి ధర ఎంతో మనం లెక్క వేయం. ఒకసారి వేద్దాం.

గది అద్దె 9,500. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం కాబట్టి రాత్రికి 11,210, నాలుగు రాత్రులకు 44,840 రూపాయలు. డాలరు 90 రూపాయలనుకుంటే సుమారు 498 డాలర్లు. దాన్ని 88 వేలతో భాగిస్తే మైలుకు 0.57 సెంటు కూడా రాదు. అంటే 498 డాలర్ల బిల్లు కట్టడానికి 88 వేల మైళ్లు అమ్ముకుంటున్నారన్నమాట. పైగా హోటల్‌కు నేరుగా డబ్బు కడితే ఆ గొలుసు హోటళ్ల సభ్యత్వంలో పాయింట్లు పడతాయి, కార్డు మీద మైళ్లు పడతాయి. మైళ్లతో కడితే సాధారణంగా ఈ రెండూ రావు. టిఫిన్ ఉందో లేదో కూడా సరిచూసుకోండి. యునైటెడ్ పేజీలో చూపించే గది చాలాసార్లు టిఫిన్ లేని రేటుదే అయివుంటుంది. అప్పుడు ఆ 0.57 కూడా మిగలదు.

విమానాల కంపెనీ సైట్‌లో హోటల్ గదికి అడిగే మైళ్లు ఆ గది నగదు ధరను పట్టుకునే నడుస్తాయి. గది ధర రెట్టింపైతే మైళ్లూ దాదాపు రెట్టింపవుతాయి. కాబట్టి ఎంత వెతికినా అక్కడ పెద్ద లాభం తగలదు. విమాన టికెట్ల సంగతి వేరు. యునైటెడ్ కూడా తన విమానాలకు స్థిరమైన మైళ్ల పట్టికను 2019లోనే తీసేసింది, నిజమే. అయినా నగదు ధరకూ మైళ్ల ధరకూ మధ్య అక్కడ ఇంకా పెద్ద తేడాలు దొరుకుతూనే ఉంటాయి. టికెట్ నగదు ధరలోంచి, మైళ్లతో బుక్ చేసినా మీరు కట్టక తప్పని పన్నులను తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించండి. ఉదాహరణకు 640 డాలర్ల టికెట్‌కు 45 వేల మైళ్లు, 40 డాలర్ల పన్ను అడిగితే మైలుకు 1.33 సెంట్లు వచ్చినట్టు. యునైటెడ్ మైళ్ల విషయంలో నేను వాడే గీత ఇది: 1.2 పైన వస్తే వాడేయండి, 0.8 కంటే తక్కువైతే డబ్బే కట్టండి. మధ్యలో ఉంటే ఆ నెల మీ చేతిలో డబ్బు ఎంత ఉందో చూసుకుని నిర్ణయించుకోండి.

మీ మైళ్లకు సరైన చోటు నాకు కనిపిస్తున్నది అత్తమామల టికెట్. వాళ్లు ఎప్పుడైనా మీ దగ్గరికి వచ్చేవాళ్లే అయితే, తిరుగు ప్రయాణాన్ని మైళ్లతో విడిగా బుక్ చేయండి. డబ్బుతో ఒకవైపు టికెట్ కొంటే రానూపోనూ ధరలో సగానికి మించి పడటం మామూలే. మైళ్లతో ఆ శిక్ష లేదు. ఆర్నెల్లు ఉందామని వచ్చిన పెద్దవాళ్లు మూడో నెలలోనే చలికో, ఇంటి బెంగకో వెళ్లిపోతామంటారు. యునైటెడ్‌లో మైళ్ల టికెట్‌ను విమానం బయల్దేరకముందే రద్దు చేస్తే మైళ్లు రుసుము లేకుండా ఖాతాలోకి తిరిగి వస్తాయి. ఎయిరిండియా, లుఫ్తాన్సా లాంటి స్టార్ అలయన్స్ (యునైటెడ్ కూడా ఉన్న విమాన కంపెనీల కూటమి) విమానాల్లో సీటు దొరికితే, యునైటెడ్ మైళ్లతో బుక్ చేసినప్పుడు ఇంధన సర్‌చార్జీ వేయరు. ఇది చిన్న విషయం కాదు. కొన్ని ఇతర కంపెనీల మైళ్లతో తీసుకుంటే టికెట్ ఉచితమే కానీ సర్‌చార్జీ వందల డాలర్లు. టికెట్ మీ పేరు మీదే ఉండక్కర్లేదు, మీ ఖాతాలోంచి ఎవరికైనా తీయొచ్చు. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు, అసలు పేరు వేయండి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం తరచూ చూస్తాం. అలా ఉంటే బుక్ చేసే ముందే కస్టమర్ కేర్‌ను అడగండి.

తొందర కూడా లేదు. యునైటెడ్ మైళ్లకు 2019 ఆగస్టు నుంచి గడువు లేదు. అలాగని పదేళ్లు దాచుకోమనడం లేదు, కంపెనీ రేట్లు పెంచినప్పుడల్లా వాటి విలువ తరుగుతుంది. ఏడాదీ రెండేళ్లలో వాడేయండి. వేరే కంపెనీల్లో గడువు దగ్గరపడిన మైళ్లుంటే, ప్రయాణం ఏదీ లేకపోతే అప్పుడు హోటల్‌కు వాడటంలో తప్పు లేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 24 నెలలు ఖాతా కదలకపోతే మైళ్లు పోతాయి. ఎమిరేట్స్‌వి సంపాదించిన మూడేళ్లకు మురిగిపోతాయి. అవి పోయేకంటే అర సెంటుకైనా పోనివ్వొచ్చు.

ఇక చేజ్ పాయింట్లు. వీటిని యునైటెడ్‌కు మారిస్తే ఒకటికి ఒకటి వస్తాయి కానీ వెనక్కి రావు. హోటల్ కోసం వాటిని మైళ్లుగా మార్చడం అన్నిటికంటే నష్టం బేరం. హోటలే కావాలంటే అవే పాయింట్లను ఒకటికి ఒకటిగా హయత్ హోటళ్ల సభ్యత్వ పథకమైన వరల్డ్ ఆఫ్ హయత్‌కు మార్చొచ్చు. అక్కడ ఉచిత రాత్రికి పాయింట్లు హోటల్ స్థాయిని, ఆ రోజు రద్దీని బట్టి ఉంటాయి తప్ప, గది నగదు ధరకు ముడిపడి ఉండవు. అందుకే పెళ్లిళ్ల సీజన్‌లో ధర ఎగసిన రోజున లాభం దొరికే అవకాశం అక్కడుంది. బంజారాహిల్స్‌లో పార్క్ హయత్ ఉంది. ముందు హయత్ సైట్‌లో మీ తేదీలకు పాయింట్ల గది నిజంగా ఖాళీ ఉందో చూసి, అదే భాగహారం చేసి, ఆ తర్వాతే మార్చండి. ముందు మార్చేసి తర్వాత గది వెతకడం చాలామంది చేసే పొరపాటు.

పెళ్లికి రెండు మూడు గదులు కావాలంటే అసలు సైట్లన్నీ పక్కన పెట్టండి. హైదరాబాద్‌లో ఉన్న మీవాళ్లు ఎవరైనా హోటల్ సేల్స్ మేనేజర్‌తో నేరుగా మాట్లాడాలి. పెళ్లి అని చెప్పి గదులన్నీ కలిపి రేటు అడగండి, టిఫిన్, అదనపు పరుపు అందులోనే కలపమనండి. బేరంలో ఒక గీత గుర్తుంచుకోవాలి. గది అద్దె రోజుకు 7,500 వరకు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. 7,900 అన్న గదికి మీరు కట్టేది 9,322. అదే 7,500కు ఒప్పిస్తే 7,875. హోటల్ అద్దెలో తగ్గించేది 400, మీకు మిగిలేది 1,447. నాలుగు రాత్రులకు ఒక్కో గదిపై 5,788 రూపాయలు. హోటల్‌వాళ్లకూ ఈ లెక్క తెలుసు కాబట్టి 7,500 చుట్టూ ఉన్న రేట్లలో ఒప్పించడం అంత కష్టం కాదు.

ఇదంతా విన్నాక కూడా మైళ్లతోనే తీసుకుంటానంటే కొన్ని జాగ్రత్తలు. ఆ బుకింగ్‌లో మొదటి పేరు మీది కాదు, మామగారిది ఉండాలి. మీరు పక్కన లేకుండా మీ పేరు మీది గదికి ఆయన వెళ్తే రిసెప్షన్‌లో ఆపేస్తారు. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డుల్లో ఏదైనా అసలుది తీసుకెళ్లమనండి, చిరునామా ఉండదు కాబట్టి పాన్ కార్డు పనికిరాదు. గదికి కట్టేసినా చెకిన్‌లో డిపాజిట్ అడుగుతారు. రద్దు షరతు బుకింగ్ నొక్కకముందే చదవండి. తిరిగి ఇవ్వబడదు అన్న రేటైతే పెళ్లి తేదీ మారితే మైళ్లు మొత్తం పోతాయి. సమస్య వస్తే హోటల్ మిమ్మల్ని యునైటెడ్‌ను అడగమంటుంది, యునైటెడ్ హోటల్‌ను అడగమంటుంది.

మీకు కూడా గది తీసుకుంటుంటే ఇంకో మాట. అమెరికా నుంచి వచ్చే చాలా విమానాలు శంషాబాద్‌లో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాములోపు దిగుతాయి. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. 10వ తేదీ వేకువన నాలుగింటికి దిగితే మీకు కావాల్సింది 9వ తేదీ రాత్రి గది. మైళ్లతో అయితే దానికి ఇంకో పూర్తి రాత్రి మైళ్లు పోతాయి. హోటల్‌తో నేరుగా మాట్లాడుకుంటే ముందుగా గది ఇవ్వడానికి సగం అద్దెకో, ఒక్కోసారి ఊరికేనో ఒప్పుకుంటారు. మీది అమెరికా పాస్‌పోర్టైతే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) కూడా దగ్గర పెట్టుకోండి, హోటల్ 24 గంటల్లో మీ వివరాలు ప్రభుత్వానికి పంపాలి. బిల్లు విదేశీ లావాదేవీ రుసుము లేని కార్డుతో కట్టండి. మెషిన్ డాలర్లా, రూపాయలా అని అడిగితే రూపాయలే నొక్కండి, డాలర్లు నొక్కితే మారకం రేటు వాళ్లు చెప్పిందే అవుతుంది.