16 మిల్లీ యాంప్స్ దగ్గరే ఆగిపోతున్న ప్రెషర్ ట్రాన్స్‌మిటర్: సమాధానం

ప్రెషర్ పెంచినా మీ ట్రాన్స్‌మిటర్ (ప్రెషర్‌ని 4 నుంచి 20 మిల్లీ యాంప్స్ కరెంటుగా పంపే పరికరం) 16 దాటట్లేదని, పాడైందేమోనని అడిగారు. అది పాడవలేదు, దానికి వోల్టేజీ చాలట్లేదు. మీ లూప్‌లో, అంటే ఆ కరెంటు తిరిగే సర్క్యూట్‌లో, పీఎల్‌సీ (ప్లాంటుని నడిపే కంట్రోలర్) కార్డు 250 ఓమ్‌లు, రికార్డర్ 250, హార్ట్ కమ్యూనికేటర్ (ట్రాన్స్‌మిటర్ సెట్టింగులు చూసి మార్చే చేతి పరికరం) కోసం వేసిన రెసిస్టర్ 250: మొత్తం 750. సప్లై 24 వోల్టులు, అందులో ట్రాన్స్‌మిటర్‌కే కనీసం 12 కావాలి. మిగిలిన 12ని 750తో భాగిస్తే సరిగ్గా 16 మిల్లీ యాంప్స్! అందుకే అంతకు మించి వెళ్లట్లేదు.

1. లూప్‌ని మాన్యువల్‌లో పెట్టండి, అంటే ఆటోమేటిక్ కంట్రోల్ ఆపండి.
2. ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. చాలామంది 4 మిల్లీ యాంప్స్ దగ్గర చూసి, 21 వోల్టులు ఉన్నాయి కదా అని వదిలేస్తారు. అలా కాదు. హ్యాండ్ పంపుతో ప్రెషర్ పెంచి, రీడింగ్ ఆగిపోయిన చోటే కొలవాలి. అక్కడ 12 దగ్గరికి పడిపోయి ఉంటుంది.
3. సప్లై ఆపి ఆ అదనపు రెసిస్టర్ తీసేయండి. కమ్యూనికేటర్‌కి కార్డులోని 250 ఓమ్‌లే చాలు.
4. 20 మిల్లీ యాంప్స్ దగ్గర మళ్లీ కొలవండి. 14 వోల్టులు రావాలి, కేబుల్ పొడవైతే కాస్త తక్కువ.

కొత్త ట్రాన్స్‌మిటర్‌కి ఆర్డర్ మాత్రం పెట్టకండి.