ఊడలు దిగాయో లేదో చూడు

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. అనంతపురం వేరుశనగ పంటను ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేసే పనిలో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున భయం కూడా తోడైంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మబ్బులున్నప్పుడు సెంటినెల్-1 ఉపగ్రహం తీసే రాడార్ చిత్రాలు చూడు, రాడార్‌కు మబ్బు అడ్డురాదు. సాళ్ల మధ్య కంది ఉంటుంది, వేరుశనగ పీకేశాక కూడా అది పచ్చగా నిలుస్తుంది, మోసపోకు.

ఇక, నేనూ ఇదే పనిలో ఉన్నప్పుడు చేసిన తప్పు విను. 1988లో అప్పటి సోవియట్ దేశంలోని బైకనూర్ నుంచి మన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం ఎగిరింది. దాని లిస్-1 కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క 72.5 మీటర్లు, అంటే ఎకరంపావు పైనే నేల. మళ్లీ అదే చోటు కనబడాలంటే 22 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో ఒక ఖరీఫ్‌లో ఆగస్టంతా చినుకు లేదు, సెప్టెంబరు చివర వాన పడింది. అక్టోబరు చిత్రంలో పైరు నిండుగా ఎర్రగా కనిపించింది. ఆ చిత్రాల్లో పచ్చదనం ఎర్రగానే పడుతుంది కదా. 'పంట బాగుంది' అని రాసి సంతకం పెట్టాను. పొలం ముఖం చూడలేదు.

తర్వాత వెళ్లాను. ఒక రైతు ఏమీ మాట్లాడకుండా చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. ఆకు నిగనిగలాడుతోంది. కింద మూడే కాయలు, రెండు లొట్టలు. పూత నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడనే ఊడ అంటాం. ఆ ఊడలు దిగే వేళ బెట్ట కొట్టి, నేల గట్టిపడి, ఊడ లోపలికి పోలేదు. వానకు ఆకు తేరుకుంది, కాయ ఎక్కడి నుంచి వస్తుంది? "పశువులకు మేతగా కట్టె మిగిలింది సార్" అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఏడు ఆ ఊరికి సాయం అందలేదు. నా కాగితం వల్లేనా అన్నది ఈనాటికీ నాకు తేలలేదు.

ఇప్పుడు నీకు సెంటినెల్-2 ఉపగ్రహాలు ఉన్నాయి, పది మీటర్ల చిత్రం, అయిదు రోజులకొకటి. అంత స్పష్టంగా కనబడుతుంటే ఎండలో పొలానికి ఎవరు పోతారు? నువ్వు పోవాలి. ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చెట్టు పీకి చూడు. పచ్చదనం సూచిక పక్కన వాన లేని రోజుల లెక్క కూడా రాసుకో. బద్ధకించావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

టోపీ పెట్టుకో తల్లీ. చెప్పులతో చేలో దిగకు, పాములుంటాయి. మొదట పీకిన చెట్టు ఫొటో, వేళ్లు కనబడేలా తీసి పంపు. కాయలు నేనూ లెక్కపెడతాను.

మీ పెదనాన్న