ఎకోలో నత్తనడక, స్పోర్ట్‌లో అరుపు: గేర్‌బాక్స్‌లో లోపముందా?

ప్రశ్న: కొత్తగా ఆటోమేటిక్ కారు తీసుకున్నాను. ఎకో మోడ్‌లో ఓవర్‌టేక్ చేయబోతే యాక్సిలరేటర్ నొక్కాక ఒక్క క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత బండి ఒక్కసారిగా దూకుతుంది. స్పోర్ట్‌లో పెడితే ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏదైనా లోపమా?

జవాబు: లోపం కాదండీ. మోడ్ మార్చినంత మాత్రాన గేర్‌బాక్స్ లోపలి చక్రాలేవీ మారవు. మారేదల్లా వాటిని నడిపించే కంప్యూటర్ తీరు. బండి వేగం ఎంత, మీరు పెడల్ ఎంత నొక్కారు అన్నవి చూసి ఏ గేర్ వేయాలో అదే తేల్చుకుంటుంది. ఒక్కో మోడ్‌కి ఒక్కో లెక్క.

ఎకోలో ఇంధనం ఆదా చేయడం కోసం వీలైనంత త్వరగా పై గేర్‌కి వెళ్లిపోతుంది. అక్కడ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటుంది కాబట్టి లాగే శక్తి తక్కువ. మీరు గట్టిగా నొక్కగానే ఒకటి రెండు గేర్లు కిందికి దిగాలి, మీరు చెప్పిన ఆ క్షణం దానికే పడుతోంది. పైగా చాలా కార్లలో ఎకోలో పెడల్ స్పందనను కూడా కావాలనే తగ్గిస్తారు. స్పోర్ట్‌లో ఇదంతా తిరగబడుతుంది. కింది గేర్‌ను వదలకుండా పట్టుకుని, అడిగిన వెంటనే లాగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ అరుపు వల్ల ఇంజిన్‌కి హాని లేదు, ఖర్చయ్యేది ఇంధనమే.

అందుకే ఓవర్‌టేక్‌కి ముందే సిద్ధపడండి. లారీ వెనక ఉండగానే స్పోర్ట్‌లోకి మార్చండి, లేదా స్టీరింగ్ దగ్గర గేర్ తగ్గించే చిన్న మీట (మైనస్ పాడిల్) ఉంటే ఒకసారి లాగండి. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి నిలబడుతుంది. ఎదురుగా రోడ్డు ఖాళీ అని నిర్ధారించుకున్నాకే పక్కకు రండి. అప్పుడు నొక్కితే ఎదురుచూపు ఉండదు. ఎదుటి లేన్‌లోకి వెళ్లాక గేర్ కోసం ఆగడం చాలా ప్రమాదం.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో రకాలున్నాయి. మీది ఏఎంటీ రకం అయితే మాత్రం ఏ మోడ్‌లోనైనా గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు తప్పదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కడం, గేర్ మార్చడం మీకు బదులు యంత్రం చేస్తుందంతే. గేర్ మారే వేళకు పెడల్ కాస్త వదిలితే కుదుపు బాగా తగ్గుతుంది. సీవీటీ అనే మరో రకంలో విడివిడి గేర్లే ఉండవు. అందుకే ముందు శబ్దం పెరిగి, వేగం తర్వాత అందుకుంటుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీ రకం తర్వాతి గేర్‌ను ముందే సిద్ధం చేసుకుంటుంది కనుక చకచకా మారుతుంది.

ప్రశ్న: ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు మాడిన వాసన వచ్చింది. న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు ఎలా ఉన్నా ఇంధనమైనా మిగులుతుందా?

జవాబు: ఆ పని అస్సలు చేయకండి! న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు పూర్తిగా పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి మరీ వేడెక్కితే నొక్కినా సరిగా పట్టవు. ఇంధనం మిగులుతుందన్నదీ నిజం కాదు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇప్పటి ఇంజిన్లు ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండేందుకు ఎంతో కొంత మండించాల్సిందే.

వాలు మొదలవకముందే గేర్‌ను మీరే ఎంచుకునే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో, మూడో గేర్ వేయండి, లేదా గేర్ లివర్‌ను ఎల్ (కింది గేర్)లో పెట్టండి. అవి లేకపోతే స్పోర్ట్ కూడా కొంత ఆదుకుంటుంది. ఇంజిన్ హోరు పెరిగితే భయపడకండి, బండిని ఆపి పట్టుకుంటున్నది అదే. ఇక వాసన వచ్చిందంటున్నారు కాబట్టి ఒకసారి బ్రేక్ ప్యాడ్లు చూపించండి.

ప్రశ్న: కారు కదులుతుండగా మోడ్ మార్చవచ్చా?

జవాబు: ఎకో, నార్మల్, స్పోర్ట్ మధ్య నిశ్చింతగా మార్చుకోవచ్చు. తడి రోడ్డు మీద మలుపు తిరుగుతుండగా మాత్రం స్పోర్ట్ వేయకండి. గేర్ ఒక్కసారిగా దిగితే చక్రాలు జారవచ్చు. రివర్స్, పార్కింగ్ మాత్రం బండి పూర్తిగా ఆగాకే.