మా ఇంటి సాలీడు మీద పడ్డ నింద

"ఇంట్లో పెద్ద సాలీడు కనిపిస్తే మీకేమనిపిస్తుంది? చంపేస్తారా, వదిలేస్తారా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. నాకు భయం లేదు. చంపను, మా ఇంట్లో ఎవరినీ చంపనివ్వను. కానీ ఎవరిని కదిపినా వచ్చే మాట ఒకటుంది: "అది పాకితే ఒళ్లంతా పొక్కులొస్తాయి, పిల్లలున్న ఇంట్లో ఎలా వదిలేస్తాం?" అని. నేను చెప్పాలనుకున్నది ఆ పొక్కుల గురించే. ఆ నింద మా ఇంట్లోనూ పడింది. దాని అసలు సంగతి చర్మ డాక్టరు గారి దగ్గర కళ్లారా చూశాను.

మేముండేది మల్కాజిగిరిలో, పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. వెనక ఖాళీ ప్లాటు ఉంది. నిండా పిచ్చిమొక్కలు, వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి. ఓనరు ఎక్కడో అమెరికాలో ఉంటాడట, ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా శుభ్రం చేయించేవాడు లేడు. ఒక వానాకాలంలో మా అక్క కూతురు కోచింగ్ కోసం కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. ఒకరోజు రాత్రి బాత్రూంలోకి వెళ్లిన పిల్ల కెవ్వున అరిచింది. ఆ అరుపుకు కింది అంతస్తు వాళ్లు కూడా తలుపు తీశారు.

వెళ్లి చూస్తే గీజరు కింద టైల్ మీద సాలీడు. కాళ్లతో కలిపి అరచేయంత ఉంది. గోధుమ రంగు, బల్లపరుపుగా ఉన్న ఒళ్లు, ముఖం మీద అడ్డంగా లేత రంగు పట్టీ. ఒంటి కింద గుండ్రటి తెల్లని బిళ్ల లాంటిదాన్ని పట్టుకుని ఉంది. అమ్మాయి ఆ బిళ్లను చూసే ఎక్కువ హడలిపోయింది. "పిన్నీ, దాని కింద ఏదో ఉంది" అంటూ నా చెయ్యి వదల్లేదు. అది గుడ్ల సంచి. ఈ రకం సాలీడు గూడు అల్లదు, రాత్రిపూట తిరిగి బొద్దింకలను వేటాడుతుంది. ఆడది గుడ్లన్నిటినీ సంచిలో పెట్టి, పిల్లలు బయటికొచ్చేదాకా ఆ సంచిని వెంటబెట్టుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో వందకు పైగా గుడ్లుంటాయి. మన మీదికి దూకే ఆలోచన దానికెక్కడిది? ఎక్కడ చీకటి మూల దొరికితే అక్కడ దాక్కోవాలన్నదే దాని ఆత్రం.

మా అత్తయ్య అప్పటికే చెప్పు చేతిలోకి తీసుకున్నారు. నేను అడ్డం నిలబడ్డాను. లైటు తీసేసి తలుపు దగ్గరగా వేశాం. తెల్లారేసరికి వెంటిలేటర్ సందులోకి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అమ్మాయి మెడ మీద ఎర్రటి చార లేచింది. వాత పెట్టినట్టు పొడుగ్గా ఉంది, మధ్యలో చిన్న చిన్న నీటి పొక్కులు. మోచేతి మడతలో కూడా అలాంటిదే. మంటకు రాత్రంతా నిద్రలేదు. ఇక ఇంట్లో నా పరిస్థితి చెప్పక్కర్లేదు. "చంపనిస్తే ఇంత దూరం వచ్చేదా? నిద్రలో పాకింది పిల్ల మీద" అన్నారు అత్తయ్య. పై ఫ్లాట్ ఆవిడ వచ్చి, సాలీడు మూత్రం పడితే ఇలాగే పొక్కుతుందనీ, వాళ్ల ఊళ్లో మంత్రం వేసే ఆయన ఉన్నాడనీ చెప్పింది. ఎవరో ఆకుపసరు తెచ్చి పూశారు, మంట ఇంకా ఎక్కువైంది. మా అక్క ఫోన్‌లో ఏడ్చేసింది. "నీ మీద నమ్మకంతో పంపిస్తే, ఇంట్లో సాలీళ్లను పెంచుతున్నావా?" అని అడిగింది. ఆ మాటకు నేను చాలా బాధపడ్డాను. అయినా సాలీడు వల్ల అలాంటి చార వస్తుందంటే నా మనసుకు నమ్మబుద్ధి కాలేదు. మంత్రం వద్దు, పసరు వద్దు అని పిల్లను స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన మెడ చూసి ముందు అడిగిన ప్రశ్న, "కిటికీ పక్కన కూర్చుని రాత్రి లైటు వేసుకుని చదువుతావా?" అని. అవునంది. తర్వాత చెయ్యి చాపమని, మెల్లగా మోచేయి మడవమన్నారు. మడవగానే పైనున్న ఎర్ర మచ్చ, కిందున్న ఎర్ర మచ్చ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అంచులు కూడా కలిసిపోయాయి. "చూశారా అమ్మా, ఒకచోట పడ్డ రసం చెయ్యి మడవగానే రెండో వైపు అంటుకుంది. ఏదైనా కుడితే ఇలా జత మచ్చలు రావు" అన్నారు. అప్పుడు తన ఫోన్‌లో ఒక పురుగు ఫోటో చూపించారు. సన్నగా, పొడుగ్గా, చీమలా ఉంది. నల్లటి తల, నారింజ రంగు ఒళ్లు, నడుం దగ్గర నీలం నలుపు కలిసిన పట్టీ, తోక కొస మళ్లీ నలుపు. పేరు పీడెరస్. అది కరవదు, కుట్టదు. వానాకాలంలో లైటుకు ఆకర్షితమై ఇంట్లోకి వస్తుంది. మెడ మీద ఏదో పాకినట్టు అనిపించి మనం ఫట్‌మని కొట్టి నలిపేస్తాం. నలిగినప్పుడు దాని ఒంట్లోని పీడెరిన్ అనే రసం చర్మానికి అంటుతుంది. నలిపిన చెయ్యి ఎక్కడెక్కడ తగిలితే అక్కడల్లా అంటుకుంటుంది. మంట, పొక్కులు మాత్రం వెంటనే రావు, మర్నాడో ఆ మర్నాడో తేలతాయి.

అసలు చిక్కంతా ఆ ఆలస్యంలోనే ఉంది. పొక్కులు లేచేటప్పటికి నలిపేసిన పురుగు ఎవరికీ గుర్తుండదు. అది చీమంత పురుగు, చదువు ధ్యాసలో కొట్టి పారేసి ఉంటారు. గుర్తుండేది బాత్రూంలో కనిపించిన అరచేయంత సాలీడు. నేరం దాని మీద పడిపోతుంది. నన్నడిగితే మన దగ్గర సాలీడు పాకిందనే కేసులన్నీ దాదాపు ఇవే. 2022 జూలైలో సిక్కింలో కాలేజీ విద్యార్థులకు ఇలాగే చర్మం కాలినట్టై, "నైరోబీ ఈగ" అని పేపర్లలో, టీవీల్లో వచ్చింది, గుర్తుందా? అదీ ఈ పీడెరస్ రకమే. ఈగ కాదు, పెంకు పురుగు.

ఆ రాత్రి ఇంటికొచ్చి చూస్తే, అమ్మాయి చదువుకునే బల్ల పైన ట్యూబ్‌లైటు దగ్గర గోడ మీద అవే పురుగులు తిరుగుతున్నాయి. ఒకటి దిండు గలీబు మీద కూడా ఉంది. అత్తయ్యను పిలిచి చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా వంగి చూసి, "ఇంత పురుగా!" అన్నారు. డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో మంట తగ్గింది, నల్లటి మచ్చ మాత్రం కొన్నాళ్లుండి తర్వాత పోయింది.

కానీ ఈలోపు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వార్త పాకిపోయింది. "విషపు సాలీడు" అని ఎవరో గూగుల్‌లోంచి ఏదో దేశపు ఫోటో పెట్టారు. మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో టాయిలెట్ సీటు కింద సాలీడు కుట్టి మనుషులు చనిపోయారనే మెసేజ్ కూడా తిరిగింది. అది 1999 నుంచి ఈమెయిళ్లలో ఉన్న అబద్ధం. అప్పుడు వేరే దేశం పేరుతో, లేని సాలీడు పేరుతో తిరిగింది, తర్వాత మన ఆసియాలో ఉండే గెంతుతూ తిరిగే ఒక అమాయకపు సాలీడు పేరు తగిలించారు. నేను గ్రూపులో డాక్టరు చెప్పింది మొత్తం రాశాను. నాలుగు నమస్కారం గుర్తులు పెట్టారు, ఆ ఆదివారమే అన్ని ఫ్లాట్లకూ స్ప్రే కొట్టించాలని తీర్మానించారు.

నా అసలు కోపం ఆ స్ప్రే మీద. పంపు భుజాన వేసుకుని వచ్చిన కుర్రాడికి మాస్కు లేదు, గ్లౌజులు లేవు. ఏం మందు బాబూ అంటే, "మంచి మందే మేడం, స్మెల్ రాదు" అన్నాడు. డబ్బా చూపించమంటే కిందే వదిలేసి వచ్చానన్నాడు. వాసన రాకపోతే విషం కాకుండా పోతుందా? వంటగట్టు మీద, బియ్యం డ్రమ్ము మూత మీద కూడా కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, రోజూ ఆ గాలి పీల్చేది పాపం అతనే. ఇంట్లో ఏం చల్లుతున్నారో పేరు కూడా అడగకుండా డబ్బులు కట్టే మన పద్ధతి మీదే నా బాధంతా.

మర్నాడు హాల్లో కిటికీ గట్టు మీద గెంతుతూ తిరిగే చిన్న సాలీళ్లు వెల్లకిలా పడి ఉన్నాయి, కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని. సాలీడు కాలు చాచాలంటే ఒంట్లోని ద్రవం ఒత్తిడితోనే చాస్తుంది. ప్రాణం పోతే ఆ ఒత్తిడి పోయి కాళ్లు ముడుచుకుపోతాయి. నాకు వాటితో చాలాకాలంగా స్నేహం. మధ్యాహ్నం వంటపని అయ్యాక కర్టెన్ మీద కనిపించేవి. వేలు కాస్త కదిపితే చాలు, ఒళ్లంతా మనవైపు తిప్పి చూస్తాయి. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్దవి, నిజంగానే మనల్ని చూస్తున్నాయని తెలుస్తుంది. ఈగల్ని, దోమల్ని పట్టేవి అవి. బొద్దింకలు మాత్రం కొన్ని వారాలకే డ్రైనేజీ జాలీలోంచి మళ్లీ వచ్చేశాయి, ఇంతకు ముందుకంటే ఎక్కువగా. వేటాడేవాటిని చంపుకున్నాం కాబట్టే పెరిగాయని నా గట్టి నమ్మకం. అసలు ఇళ్లలో ఉండే చిన్న రకం బొద్దింకలు మామూలు స్ప్రే మందులకు అలవాటు పడిపోయాయని ఆ రంగంలో వాళ్లే చెప్తారు. సందుల్లో చుక్కలుగా పెట్టే బొద్దింకల జెల్ ఉంది కదా, అది పెట్టించుకుంటే గోడలన్నీ తడపాల్సిన పనే లేదు.

ఇంకోమాట. ఈ ఊళ్లోనే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది. అలాంటి ఊళ్లో ఉంటూ, డెంగీతో ఏటా ఆసుపత్రులు నిండుతుంటే, మనం డ్రమ్ములో నిలవ నీళ్లు పారబోయం, దోమను పట్టే ప్రాణిని మాత్రం చెప్పుతో కొడతాం. ఇది నాకు ఎంత మాత్రం మింగుడుపడదు.

అత్తయ్య ఏటా శ్రీకాళహస్తి వెళ్తారు. అక్కడ శివుడికి తన దారంతో గుడి అల్లిన సాలీడు, దీపపు మంట ఆ గుడిని కాల్చేస్తుంటే మంటనే మింగబోయిందని స్థలపురాణం. శివుడు మెచ్చి దానికి మోక్షమిచ్చాడు. ఒకరోజు పూజ గదిలో ఈ మాట కదిలింది. అప్పటినుంచి ఆమె చెప్పు తీయడం మానేశారు. "దాన్ని బయటికి పంపించు" అని నన్ను పిలుస్తారు.

పంపించడం కష్టం కాదు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మెల్లగా దాని మీద బోర్లించి, కింద నుంచి మందపాటి పెళ్లి కార్డు దూర్చి, అలాగే పట్టుకెళ్లి మొక్కల్లో వదిలేయడమే. చేత్తో పట్టుకోవద్దు. గట్టిగా నొక్కితే ఏ ప్రాణైనా కరుస్తుంది, నొప్పి పుడుతుంది. గుడ్ల సంచి ఉన్నదాన్ని కదపకుండా ఉంటేనే మంచిది. బూజు దులపొద్దని నేననను. దసరాకు ముందు బూజుకర్ర పట్టుకుని ఇల్లంతా దులిపేది నేనే. బూజంటే వదిలేసిన పాత గూళ్లకు దుమ్ము పట్టడమే, చాలావాటిలో సాలీడు ఉండదు. సింకు కింద, లాఫ్ట్ మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో, ముట్టుకుంటే గూడంతా ఊగించేస్తూ ఉండే వాటిని మాత్రం వదిలేస్తాను.

భయపడేవాళ్లను నేను తక్కువ చేయను. మా అక్క కూతురికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, అది ఆమె చేతిలో లేదు. కానీ భయం వేరు, నింద వేరు. నిందే తప్ప మన సాలీళ్ల సంగతి మనకు పట్టదు. మన గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలి రంగు సాలీడును 1899లో ప్రపంచానికి పరిచయం చేశారు. మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. ఇప్పుడు అది అంతరించే అంచున ఉంది. విదేశాల్లో దాన్ని ముచ్చటపడి పెంచుకుంటారు. మన పిల్లల్లో ఎంతమందికి దాని సంగతి తెలుసు?

వానాకాలంలో ఇలాంటి చార లేస్తే ముందు సబ్బుతో బాగా కడగండి, పసరులు పూయకండి, కంటి దగ్గరైతే అదేరోజు డాక్టరుకు చూపించండి. ఒంటి మీద పురుగు కనిపిస్తే నలపకుండా ఊదేయండి. కిటికీకి సన్నటి జాలీ కొట్టించండి, పడుకునేటప్పుడు లైటు ఆపేయండి. మా ఇంట్లో జాలీ కొట్టించాక మళ్లీ ఆ బాధ రాలేదు. వచ్చే నెల అసోసియేషన్ మీటింగులో స్ప్రే ఆపించి జెల్ పెట్టించాలని అడగబోతున్నాను. మీ అపార్ట్‌మెంట్‌లో ఇలా ఒప్పించిన వాళ్లెవరైనా ఉంటే, ఏం చెప్పి ఒప్పించారో రాయండి.