‘ఐ హావ్ ఎ డౌట్’ అనడం తప్పా?

మీటింగులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే అమెరికా క్లయింటు కంగారుపడ్డాడని, ఆ మాట తప్పా అని అడిగారు. మన దగ్గర తప్పు కాదు. బడిలో మొదలుపెట్టి ఆఫీసు దాకా అర్థంకానిది అడగడాన్ని డౌట్ అడగడమనే అంటాం. అమెరికా వాళ్లకు మాత్రం డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. మీరు సందేహం అడిగారు, ఆయనకు ‘మీ మాట నమ్మలేకపోతున్నాను’ అన్నట్టు వినిపించింది. వాళ్లతో ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి, చాలు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ‘ఐ డౌట్’ అని రాసేటప్పుడు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం సర్వర్‌లో డిస్క్ నిండిపోతుండటం చూశాను. ఆగిపోతుందేమోనని నా అనుమానం. అమెరికా టీమ్‌కి ‘ఐ డౌట్ ద సర్వర్ విల్ గో డౌన్ టుడే’ అని మెయిల్ పెట్టి ఇంటికెళ్లాను. వాళ్లు దాన్ని ‘ఇవాళ ఆగదు’ అని చదువుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది, తెల్లారేదాకా అందరం కూర్చున్నాం. ‘ముందే చెప్పాను కదా’ అంటే, వాళ్ల లీడ్ నా మెయిలే నాకు చదివి వినిపించాడు. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి కూడా దాన్ని తిరగేసి చెప్పానని చాలా బాధపడ్డాను.

మనం ‘వాన పడుతుందని నా అనుమానం’ అంటే పడొచ్చని అర్థం. ఇంగ్లీషులో దానికి మాట ‘సస్పెక్ట్’. ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే పడకపోవచ్చని. (స్కాట్లండ్‌లో మాత్రం ఇదే వాక్యం వాన పడేలా ఉందనే అర్థంలో వినిపిస్తుంది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఈ మాటకు భయం అనే అర్థం కూడా ఉండేది.)

అప్పటినుంచి నేనొక పద్ధతి పాటిస్తున్నాను. ‘వాడు రావడం డౌటే’ అంటే మనకూ రాకపోవచ్చనే కదా అర్థం! ఇంగ్లీషు వాడుక అచ్చంగా ఇదే. అందుకే ‘ఐ డౌట్’ అని రాసేముందు ఆ వాక్యాన్ని తెలుగులో ‘డౌటే’తో ముగించి చూస్తాను. ‘సర్వర్ ఆగడం డౌటే’ అన్నది నేను చెప్పదలచుకున్న సంగతైతే అలాగే ఉంచుతాను. కాకపోతే ‘సస్పెక్ట్’ అనో, ఇంకా తేలిగ్గా ‘ద సర్వర్ మే గో డౌన్’ అనో రాస్తాను.

ఒకటికంటే ఎక్కువ ప్రశ్నలున్నాయని ‘ఐ హావ్ మై డౌట్స్’ అని మాత్రం అనకండి. అది మీ క్లయింటుకు ‘ఇది అయ్యే పని కాదనిపిస్తోంది’ అన్నట్టే వినిపిస్తుంది.