తీరంలో ద్రాక్షకు పొగమంచు కాదు, గాలి ముఖ్యం

"ఎండ బాగా కాస్తేనే ద్రాక్షకు తీపి వస్తుంది కదా, మరి చల్లగా ఉండే సముద్ర తీరంలో వైన్ ద్రాక్ష ఎందుకు వేస్తారు?" అని అడిగారు.

తీరానికి వెళ్ళేది తీపి కోసం కాదు, పులుపు కోసం. వేడి చోట కాయకు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చైపోతుంది. చల్లని చోట నిలుస్తుంది. కాయ నిదానంగా పండుతుంది కాబట్టి చక్కెర మరీ ఎక్కకముందే వాసన, రుచి వచ్చేస్తాయి. పినో నోయర్, షార్డొనే రకాలకు ఇది చాలా ముఖ్యం.

తీరంలో ఈ చల్లదనం ఎక్కడిదంటే అందరూ పొగమంచు గురించే చెబుతారు. నన్నడిగితే అసలు పని గాలిది. కాలిఫోర్నియాలో పెటలూమా గ్యాప్ దగ్గర ఒక తోటలో పనిచేశాను. అక్కడ తీరపు కొండల మధ్య పెద్ద సందు ఉంది. మధ్యాహ్నం లోపలి లోయలు వేడెక్కగానే పసిఫిక్ మీది చల్లగాలి అందులోంచి దూసుకొస్తుంది. ఒక ఏడాది సరిగ్గా పూత మీద ఉండగా ఆ చలిగాలి రోజుల తరబడి వదల్లేదు. మేస్త్రీ ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుని మెల్లగా తట్టాడు. పూత పొట్టులా రాలింది. మాట్లాడకుండా పక్క తీగ దగ్గరికి వెళ్ళి మళ్ళీ తట్టాడు. అలా వరుస చివరిదాకా వెళ్ళాడు. పిందె కట్టాక చూస్తే గుత్తులన్నీ పలచగా ఉన్నాయి. ఒకే గుత్తిలో పెద్ద కాయలూ ఉన్నాయి, ఎదగని చిన్నవీ ఉన్నాయి. దిగుబడి బాగా పడిపోయి యజమానికి ఒకటే టెన్షన్. కానీ కోత నాటికి ఆ చిన్న కాయల్లో ఉన్న రుచి నేను మరెక్కడా చూడలేదు. రసం తక్కువ, తొక్క మందం, రంగు చిక్కన.

గాలి గంటకు 8 మైళ్ళు దాటితే ఆకుల మీది సూక్ష్మ రంధ్రాలు మూసుకోవడం మొదలవుతుంది. ఆకు ఆహారం తయారుచేయడం తగ్గి, పండడం ఆలస్యమవుతుంది. 2017లో పెటలూమా గ్యాప్‌ను ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా గుర్తించడానికి ముఖ్య కారణం ఈ గాలే. పైగా గుత్తుల తడి ఆరబెట్టి కుళ్ళు పట్టకుండా చూసేదీ ఇదే. పొగమంచు ఒక్కటే ఉంటే బూజుతో వేగలేం.

ఇంకో చిరాకు వింక్లర్ లెక్క. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 10 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న వేడిని కూడి, ఏ చోట ఏ రకం వేయాలో చెబుతారు. అందులో గాలికి చోటే లేదు. ఆ ఒక్క అంకె చూసి లక్షల డాలర్ల మొక్కలు నాటేస్తున్నారు!

మీరు తీరంలో తోట వేసే ఆలోచనలో ఉంటే, పూత కాలంలో ఒక మధ్యాహ్నం వెళ్ళి ఆ నేలలో నిలబడండి. టోపీ నిలవకపోతే పినో వేయండి, దిగుబడి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.