టేబుల్ సా ఫెన్సు మీద రోలర్ గైడ్లు: పెట్టుకోవచ్చా, ఎలా పెట్టుకోవాలి?

కల్వకుర్తి నుంచి ఒక తమ్ముడు అడిగిన విషయం ఇది. ఇంట్లో 10 అంగుళాల టేబుల్ సా, అంటే మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే కోత బల్ల, కొన్నారు. వాళ్ళ నాన్నగారు ముప్పై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నారు. కట్టె కోసేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి బ్లేడు పక్కనే పెట్టి ఒత్తి పట్టడం చూస్తే కొడుక్కి టెన్షన్. జాగ్రత్త అని ఎన్నిసార్లు చెప్పినా అలవాటు మారడం లేదు. కట్టెను ఆనించి తిన్నగా తోయడానికి బ్లేడు పక్కన ఉండే పొడుగాటి పట్టీని ఫెన్సు అంటాం. దాని మీద బిగించే రోలర్ గైడ్లు వీడియోల్లో చూశారు, అవి నిజంగా పనికొస్తాయా, డబ్బు దండగా అని అడుగుతున్నారు.

పనికొస్తాయి. నాకు నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న షాపు ఉంది, దర్వాజలు, కిటికీలు, వంటింటి అల్మారాలు చేస్తాం. ఐదేళ్ళుగా రోలర్లు వాడుతున్నాను. అయితే వాటికంటే ముందు సరి చూసుకోవాల్సినవి రెండు ఉన్నాయి. అవి సరిగా లేకుండా రోలర్లు బిగిస్తే ఇంకో రకం ప్రమాదం వస్తుంది. అది కూడా చెప్తాను.

ముందు నాకు జరిగింది చెప్పాలి. మా వైపు ఊళ్ళల్లో ఇల్లు కట్టేవాళ్ళు తమ పొలం గట్టు మీది వేపచెట్టునే కొట్టించి, కోత మిషనులో సైజులు తీయించి మా దగ్గరికి తెస్తారు. అలా కనగల్ వైపు నుంచి ఒక రైతు తెచ్చిన వేప పలకలు. పైకి ఎండినట్టే ఉన్నాయి, లోపల ఇంకా పచ్చి ఉంది. వేపకు నార ఒకే దిక్కు ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. నిలువుగా కోస్తూ ఉంటే బ్లేడు దాటిన తర్వాత రెండు పాయలూ విడిపోవాల్సింది పోయి దగ్గరికి మూసుకోవడం మొదలుపెట్టాయి. సౌండు మారింది. కాలిన వాసన వచ్చింది. నేను ఇంకొంచెం గట్టిగా తోశాను, అక్కడే తప్పు చేశాను. టక్‌మని ఒక్క సౌండు, ఫెన్సుకూ బ్లేడుకూ మధ్యలో ఉన్న మూడంగుళాల పట్టీ నా నడుము పక్క నుంచి వెళ్ళి వెనక షట్టరుకు తగిలింది. షట్టరు రేకు లోపలికి సొట్ట పోయింది, ఇప్పటికీ అట్లానే ఉంది. పట్టీ అంచు పొడుగునా నల్లగా కాలిన చారలు.

అందరూ ఆ సొట్ట చూసి భయపడ్డారు. నన్ను భయపెట్టింది వేరే. నా ఎడమ చెయ్యి ఆ కట్టె మీద బరువు వేసి ఒత్తి ఉంది. కట్టె ఒక్కసారిగా మాయమయ్యేసరికి చెయ్యి ముందుకు జారింది. తిరుగుతున్న బ్లేడుకు నాలుగు వేళ్ళ దూరంలో టేబుల్ మీద ఆగింది. కట్టె ఎగిరి వచ్చి తగిలితే దెబ్బ, సరే. కట్టె పోయిన చోటికి చెయ్యి పోవడం ఇంకా పెద్ద ప్రమాదం. వేళ్ళు పోగొట్టుకున్న వడ్రంగులను అడిగి చూడండి, చాలామంది ఇదే చెప్తారు.

ఇది ఎందుకు జరుగుతుందంటే, బ్లేడు మన వైపున్న పళ్ళు కట్టెను కిందికి, టేబుల్ మీదికి నొక్కుతాయి. అవతలి వైపు పళ్ళు కింద నుంచి పైకి లేస్తూ ఉంటాయి. కట్టె ఏ కారణం చేతైనా ఆ వెనక పళ్ళకు ఒరిగితే అవి దాన్ని పైకెత్తి మన మీదికే విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి వేగం గంటకు 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత వేగాన్ని చేత్తో పట్టి ఆపగలను అని ఎవరూ అనుకోకూడదు.

ఇప్పుడు నాన్నగారి ఎడమ చెయ్యి అక్కడ ఏం చేస్తుందో గమనించండి. రెండు పనులు చేస్తుంది. కట్టెను కిందికి ఒత్తుతుంది, పక్కకు ఫెన్సు వైపు నెడుతుంది. ఆ రెండు పనులూ ఎవరో ఒకరు చేయాల్సినవే, అందుకే ఎంత చెప్పినా చెయ్యి అక్కడికే పోతుంది. రోలర్ గైడ్లు ఆ రెండు పనులనూ చేతి నుంచి తీసేసుకుంటాయి. రబ్బరు చక్రాలు స్ప్రింగు బలంతో కట్టెను టేబుల్‌కు ఒత్తుతాయి. చక్రాలు తిన్నగా కాకుండా ఫెన్సు వైపుకు కొంచెం ఏటవాలుగా, దాదాపు 5 డిగ్రీలు తిరిగి ఉంటాయి కాబట్టి కట్టె ముందుకు పోతున్నకొద్దీ ఫెన్సుకు అదే ఒరుగుతుంది. మూడోది, చక్రం లోపల వన్‌వే బేరింగు ఉంటుంది. ముందుకే తిరుగుతుంది, వెనక్కి తిరగదు. కట్టె వెనక్కి రాబోతే చక్రం బిగుసుకుని పట్టుకుంటుంది. ఇక చేతికి బ్లేడు దగ్గర పనే ఉండదు. కుడిచేత్తో తోపుడు కర్ర పట్టుకుని తోయడం ఒక్కటే మిగులుతుంది.

ముందు చూడాల్సిన రెండింటిలో మొదటిది రైవింగ్ నైఫ్, అంటే బ్లేడు వెనకాలే నిలబడే సన్నటి రేకు. కోసిన సందు మూసుకోకుండా అది అడ్డం ఉంటుంది. మీ మిషనుతో వచ్చే ఉంటుంది, తీసి పక్కన పడేస్తే వెతికి బిగించండి. మన వైపు లోకల్‌గా చేయించే కోత బల్లలకు ఇది ఉండనే ఉండదు, కోస్తూ కోస్తూ సందులో చిన్న చెక్క దోపుతారు, నేనూ అట్లానే చేసేవాణ్ణి. ఆ రేకు మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, పళ్ళు కోసే సందు కంటే తక్కువ ఉండాలి. బ్లేడు మార్చినప్పుడల్లా ఇది చూసుకోండి. వేప సందు మూసుకుంటే రోలర్లు ఆపలేవు, వాటి పని అది కాదు.

రెండోది ఫెన్సు. బ్లేడుకు ఫెన్సు సమానంగా ఉందా అని ముందూ వెనకా కొలవండి. వెనక వైపు ఒక్క వెంట్రుకవాసి కూడా దగ్గరగా ఉండకూడదు. ఒక కాగితం మందం ఎడంగా ఉంటే నష్టం లేదు. రోలర్లు కట్టెను ఫెన్సుకు లాగి పెడతాయని చెప్పాను కదా. ఫెన్సు వెనక వైపు లోపలికి వంగి ఉంటే రోలర్లు కట్టెను తీసుకెళ్ళి సరిగ్గా వెనక పళ్ళకే ఒత్తుతాయి. ఇందాక ఇంకో రకం ప్రమాదం అన్నది ఇదే.

ఇంకో సంగతి నేను కొన్న తర్వాతే తెలుసుకున్నాను. రోలర్ కట్టెను ఎంత బలంతో కిందికి ఒత్తితే అంత బలంతో ఫెన్సును పైకి లేపుతుంది. ఇంట్లో వాడే చిన్న మిషన్ల ఫెన్సులు తేలిక అల్యూమినియంవి, కొన్నిటికి ముందు వైపు మాత్రమే లాక్ ఉంటుంది. మొదటి రోజు టేకు పలక తోస్తుంటే ఫెన్సు వెనక కొస పైకి లేవడం కళ్ళారా చూసి మిషను ఆపేశాను. తర్వాత 18 ఎంఎం ప్లైవుడ్డుతో ఫెన్సు పొడుగునా ఒక పట్టీ చేసి, బోల్టులతో బిగించి, రోలర్ల పట్టాలను దాని మీద పెట్టాను. వెనక కొసకు టేబుల్ అంచును పట్టుకునే ఒక చిన్న కొక్కెం వెల్డింగ్ చేయించాను. మీది వెనక కూడా లాక్ అయ్యే ఫెన్సు అయితే ఈ బాధ లేదు. లేకపోతే ముందు ఇది చేసుకోండి.

బిగించే చోటు ఇట్లా ఉండాలి. ఒక రోలరు బ్లేడుకు కొంచెం ముందు, రెండోది బ్లేడు దాటిన వెంటనే. వెనక పళ్ళు కట్టెను పైకెత్తకుండా ఆపేది ఈ రెండోదే. రెండూ ముందే పెట్టినవాళ్ళను చూశాను, సగం లాభం పోగొట్టుకుంటున్నారు. ఎత్తు సెట్ చేసేటప్పుడు ప్లగ్గు తీసేసి, బ్లేడు కిందికి దించి, కోయబోయే కట్టెనే పెట్టి చూడండి. చక్రం కట్టె మందం కంటే 2, 3 ఎంఎం కిందికి ఉంటే చాలు. ఇంకా దించితే తోయడానికే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెట్టిన చెయ్యి జారుతుంది. చక్రాల మీద బాణం గుర్తు ఉంటే అది మీరు తోసే దిక్కుకే ఉండాలి. ఫెన్సును బ్లేడుకు ఎడమ వైపు పెట్టి కోయాల్సి వస్తే అవే చక్రాలు అట్లానే పనికిరావు, తిప్పి బిగించే వీలున్న సెట్టా కాదా అని కొనేముందే అడగండి.

బాగా పనికొచ్చేది ప్లైవుడ్డు షీట్లకు. 8 అడుగులకు 4 అడుగుల 19 ఎంఎం షీటు 30 కిలోలకు పైనే ఉంటుంది. ఒక్కడే తోస్తుంటే ఫెన్సు దగ్గర షీటు పైకి లేవడం, పక్కకు తిరగడం మామూలు. ఇప్పుడు నేను షీటు వెనక ఎడమ మూల దగ్గర నిలబడి తోస్తాను, ఫెన్సు దగ్గర ఏం జరుగుతుందో రోలర్లు చూసుకుంటాయి. బ్లేడుకు ఎదురుగా నిలబడాల్సిన అవసరమూ తప్పింది.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. అడ్డంగా కోయడానికి వీటితో పని లేదు. రెండు, రెండున్నర అంగుళాల కంటే సన్నటి బీడింగు పట్టీలు తీసేటప్పుడు రోలరే తోపుడు కర్రకు అడ్డం వస్తుంది. అప్పుడు నేను రోలర్లు తీసేస్తాను. పెద్ద పలకను ఫెన్సు వైపు ఉంచి, సన్న పట్టీ బ్లేడుకు అవతల ఎడమ వైపు పడేలా కోస్తాను. ఇక కోత మిషను నుంచి నేరుగా వచ్చిన గరుకు కట్టె ఒక కొస సన్నం, ఒక కొస మందం ఉంటుంది. రోలరు ఒక దగ్గర ఒత్తుతుంది, ఇంకో దగ్గర గాల్లో ఉంటుంది. ముందు రంద పట్టి ఒక ముఖం, ఒక అంచు సాపు చేసుకున్నాకే టేబుల్ మీదికి తేవాలి. మెలి తిరిగిన కట్టె అయితే టేబుల్ సా మీద అసలు పెట్టొద్దు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. కోత మధ్యలో కరెంటు పోతే కట్టె బ్లేడులోనే ఆగిపోతుంది. వన్‌వే చక్రాలు కాబట్టి వెనక్కి లాగితే రాదు. కంగారుపడి గుంజొద్దు. ముందు స్విచ్చి ఆపండి, ప్లగ్గు తీయండి, ఆ తర్వాత చక్రాలు పైకెత్తి కట్టె బయటికి తీయండి. స్విచ్చి ఆన్‌లోనే వదిలేస్తే కరెంటు వచ్చిన క్షణంలో బ్లేడు తిరుగుతుంది, మన చేతులు అప్పటికి కట్టె మీద ఉంటాయి. కరెంటు వచ్చినా మళ్ళీ నొక్కితేనే నడిచే నో వోల్ట్ స్విచ్చి దొరుకుతుంది, ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. రోలర్ల కంటే చాలా తక్కువ ఖర్చు.

ధర ఎక్కువ అనిపించి కొందరు కుర్చీల కింద వేసే చక్రాలతో సొంతంగా చేసుకుంటున్నారు. నేను కూడా మొదట అలాగే చేశాను. కిందికి ఒత్తుతాయి, అంతే. రెండు దిక్కులకూ తిరిగే చక్రం కట్టె వెనక్కి వస్తే దానితో పాటే తిరుగుతుంది. సొంతంగానే చేయాలనుకుంటే బేరింగుల షాపులో వన్‌వే బేరింగు అడిగి తీసుకుని, ఆ ఏటవాలు కూడా సరిగా వచ్చేలా లేత్ మీద చేయించండి. చేతికి పట్టుదొరకని పనైతే కొనడమే మంచిది. వాడిన తర్వాత రబ్బరు మీద పేరుకున్న కట్టె పొట్టును తడిగుడ్డతో తుడవాలి, పొట్టు పట్టిన చక్రం జారుతుంది. వేప జిగురు అంటితే కొంచెం స్పిరిట్ వాడతాను.

ఇక నాన్నగారి అలవాటు. మా మేనమామ నాకు పని నేర్పిన మనిషి, అరవై దాటినా రోజూ షాపుకు వస్తారు. రోలర్లు బిగించిన రోజు ఆయన చక్రాలు పైకెత్తి పెట్టి పాత పద్ధతిలోనే కోసుకున్నారు, నేను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున షాపు తీయగానే ప్లగ్గు పీకి, బ్లేడు దించి, ఒక సాపు టేకు పలకను ఆయన చేతికిచ్చి రోలర్ల కిందికి తోయమన్నాను. సగం పోయాక వెనక్కి గుంజమన్నాను. రాలేదు. రెండు చేతులతో గుంజారు, అయినా రాలేదు. ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి తోయమన్నాను, పలక ఫెన్సుకు అంటుకునే పోయింది. వంగి పలకకూ ఫెన్సుకూ మధ్య సందు ఉందేమోనని గోరు పెట్టి చూశారు. ఆ రోజు నుంచి ఆయన ఎడమ చెయ్యి బ్లేడు దగ్గరికి పోలేదు. మీరు కూడా నాన్నగారితో మొదటి రోజు ఇట్లానే చేయించండి, ప్లగ్గు మాత్రం పీకి పక్కన పెట్టండి.